మీసం పీకి పో

చిల్కానగర్, ఉప్పల్

చిరంజీవి .................. కు,

చుక్కలు చూసి పేరు మర్చిపోయాననుకోకు. మర్చిపోతే సుఖపడేవాణ్ణి. ఆ చోట నీ పేరుండాలి. నేను రాయను. ఎందుకు రాయనో నీకు తెలుసు. దీవించి నీ బాపు రాస్తున్న సంగతులేమంటే, ఇక్కడ నేను, నీ బిడ్డ మానస ప్రాణాలతో ఉన్నాం, తిండికి లోటు లేదు. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ ఛాతీలో నొప్పి అని నువ్వే రాశావు. తెలిసి తెలిసి క్షేమమని ఎలా తలుస్తాను? ఆ ఒక్క ముక్క వదిలేశాను. చిరంజీవి అని మాత్రం రాశాను. ఆ మాట ఈసారి ఊరికే రాయలేదు.

నా రాత సంగతి నీకు తెలుసు. బడికి పోయి నేర్చింది కాదు, భాగోతం మేళంలో పాటలు పట్టుకుని నేర్చింది. ఒత్తులు పడాల్సిన చోట పడవు. నువ్వు డిగ్రీ చదివినవాడివి, సర్దుకుని చదువు. ఆ డిగ్రీ దీనికైనా పనికిరానీ. ఫోను చేస్తే పోయేదానికి ముసలోడికి ఇంత కాగితం ఎందుకు అనుకుంటావేమో. నీ పెళ్ళాం అనంతలక్ష్మి చితి అంటుకున్నప్పుడు అందరి ముందు ఒట్టు వేశాను. నా కొడుకుతో నాకు మాట లేదు, వాడి పేరు నా నోట రాదు అన్నాను. నోట అన్నాను, చేత అనలేదు. అందుకే ఈ కాగితం.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను.

నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. అరిగిపోయాయి. ఉప్పల్ మెట్రో మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. నాచారం దాకా కూడా ఆటోలోనే పోతాను. మన ఇంట్లో మోకాళ్ళు బాగా పనిచేసింది నీకొక్కడికే. దవాఖాన నుంచి సూరత్ దాకా పరుగెత్తావు.

మానస పెళ్ళి అయిందా అని అడిగావు. అయితే నీకు కార్డు వచ్చేదనుకున్నావా? కాలేదు. సంబంధాలు వస్తున్నాయి. వచ్చినవాళ్ళు తండ్రి ఎక్కడ అని అడుగుతారు. నేనైతే లేడు అని చెబుతాను. ఈ పిల్ల లోపలి నుంచి నీళ్ళ గ్లాసులు తెస్తూ, "ఊర్ల లేడు" అంటుంది. ఊళ్ళో లేడట! బజారుకు పోయిన మనిషిని గురించి చెప్పినట్టు. దాని మీద నాకు చాలాసార్లు కోపం వచ్చింది. ఆ మాటకు అర్థం నాకు ఈ మధ్యనే తెలిసింది. అది కూడా రాస్తాను.

సూరత్‌లో మీ మిల్లులో ఎవరి ఫోనులోనో యముడి ఆట ముక్క ఒకటి చూశానని, అందులో గొంతు నాదేనా అని అడిగావు. నాదే. ఇంకెవరిదనుకున్నావు? ఆట పూర్తికాకముందే మానస కంపెనీ వాళ్ళు ఫోన్లలో వదిలిన ముక్క అది. నీ చిన్నప్పుడు సావిత్రి ఆటలో ఆ గొంతు వినే కదా నువ్వు మీ అమ్మ కొంగులో దూరేది.

ఆఖరున ఇంకొకటి అడిగావు, నేను రావచ్చా బాపూ అని. దానికి జవాబు ఆఖరునే చెబుతాను.

ముందు ఆట సంగతి. నాచారంలో నేను రేకులు కొట్టిన ఫ్యాక్టరీ నీకు గుర్తుంటుంది, మధ్యాహ్నం సద్ది తెచ్చేవాడివి. దాని పక్క షెడ్డుకు ఇప్పుడు అద్దాలు బిగించి చల్లటి గదులు చేశారు. లోపల మానస లాంటి పిల్లలు కూర్చుని కంప్యూటర్ ఆటలు తయారు చేస్తారు. ఇప్పుడు చేస్తున్న ఆట చావుతోనే మొదలవుతుంది. ఆడేవాడు చచ్చిపోయి యముడి కొలువులో నిలబడతాడు. నరకాలన్నీ దాటుకుని మళ్ళీ మనిషై బయటికి రావాలి. ఆ ఆటకు కథ కట్టేది నీ బిడ్డే. మన పురాణాలు, బుద్ధుడి వాళ్ళ కథలు రెండూ కలిపి కట్టింది. బుద్ధుడి వాళ్ళకు చలి నరకాలు ఉన్నాయట. చలికి పళ్ళు కొట్టుకునే చప్పుడే ఆ నరకం పేరట. ఒకటి అటట, ఒకటి హహవ, ఒకటి హుహువ. నేను విని, "ఇది నరకమా, మాఘమాసంల మీ నాయినమ్మ పోసిన తానమా?" అన్నాను. ఆ పిల్ల నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయింది. అంత నవ్వు దాని ముఖంలో తల్లి పోయాక చూడలేదు. నువ్వు అసలే చూడలేదు.

వాళ్ళకు యముడి గొంతు కావాల్సి వచ్చింది. ఎవరెవరినో పిలిపించారట. అందరూ సినిమాల్లో నవ్వించే యముళ్ళయ్యారట. మానస నన్ను తీసుకుపోయింది. ఆ కంపెనీ ఓనరు పేరు ఉమామహేశ్వర్. హబ్సిగూడ సైంటిస్టుల క్వార్టర్లలో పెరిగినవాడు, మాట్లాడితే అండీ అండీ అంటాడు. నన్ను చూసి లేచి నిలబడి, "రండి తాతగారూ, మా ఆటలో మీరే బాస్ అండి" అన్నాడు.

నాకు ఛాతీ ఉబ్బింది. ఉబ్బదా మరి? బతుకంతా ఆ పక్క షెడ్డులో బాసు అద్దాల గదిలో కూర్చుంటే మేము బయట నిలబడ్డాం. గేటు దగ్గర ఛాయ్ అమ్మేవాడితో, "ఓ తమ్మీ, ఇగ ఇక్కడ నేనే బాసును. నాకు పోసే ఛాయ్ జర గట్టిగుండాలె" అని చెప్పాను. వాచ్‌మన్‌కు చెప్పాను. ఆటోవాడికి కూడా చెప్పాను. రెండో రోజు మానస మెల్లగా దగ్గరికొచ్చి, "తాతా, బాస్ అంటే పెద్ద సారు గాదు. ఆట ఆఖర్ల అడ్డం నిలబడేటోడు. వాన్ని సంపితెనే ఆట గెల్సినట్టు" అంది.

"అంటే నన్ను సంపుతరా?"

"నిన్ను గాదు తాతా, యమున్ని."

"యమున్ని సంపితె ఇగ మనుషులెట్ల సస్తరే? అకల్ ఉన్నోడు కట్టిన ఆటేనా ఇది?"

అది నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఛాయ్‌వాడి ముఖం ఎలా చూడాలి? అప్పుడే ఉమామహేశ్వర్ వచ్చి, చనిపోయేటప్పుడు అరిచే అరుపులు కూడా రకరకాలుగా ఇవ్వండి తాతగారూ అన్నాడు. నేను, "మీ నాయన్ను పిల్వు, అరుస్తడు" అన్నాను. ఉమామహేశ్వర్ ముఖం తెల్లబోయింది. వాళ్ళ నాన్న పోయి నెల కాలేదని మానస తర్వాత చెప్పింది. పోయి మాఫ్ చేయమని అడుగు తాతా అంది. అడగలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం నా బతుకులో లేదు.

అయినా వాళ్ళు నన్ను పంపించలేదు. మానస వాళ్ళతో కొట్లాడింది. "సావిత్రి యమున్ని కొట్టి గెలిచిందా సర్? ఎంట పడి మాటల్లో పెట్టి గెలిచింది. మన ఆటలో కూడా కొట్టుడు వద్దు. యముడు అడగాలి, ఆడేవాళ్ళు జవాబు చెప్పాలి" అంది. ఉమామహేశ్వర్ చాలాసేపు తల గోక్కుని ఒప్పుకున్నాడు. బొమ్మలు గీసే బిందుమాధవి అనే పిల్ల గీసిన కత్తులన్నీ తుడిపేసి మళ్ళీ కూర్చుంది.

అప్పుడు బుద్ధుడి వాళ్ళ యముడు వచ్చాడు. బుద్ధుడికి యముడితో ఏం సంబంధం, నీకు ఎవరో తప్పు చెప్పారు అని నేను అరిచాను. తప్పు నాదే అని తేలింది, అది వదిలెయ్. వాళ్ళ కథలో యముడు కొట్టడు, తిట్టడు. చచ్చి వచ్చినవాణ్ణి నిలబెట్టి అడుగుతాడట. నేను పంపిన దూతలు నీకు కనబడలేదా అని. నాకు ఏ దూతలూ కనబడలేదు స్వామీ అంటాడట వాడు. నడుం వంగిన ముసలివాణ్ణి చూడలేదా? మంచం మీద రోగిని చూడలేదా? శవాన్ని చూడలేదా? వాళ్ళే నా దూతలు, చూసి కూడా నీకు బుద్ధి రాలేదా? అంతే. అడిగి ఊరుకుంటాడట.

ఆ మాటలు నేను బ్రహ్మాండంగా చెప్పాను. ఊరుకోవడమే చేతకాలేదు. అడిగిన వెంటనే నా నోట రెండు తిట్లు వచ్చేస్తాయి. ఉమామహేశ్వర్ అద్దం అవతల నుంచి చేతులు జోడించి, "తాతగారూ, ఆ తర్వాత ఏమీ అనకూడదండీ. ఊరుకోవాలండీ" అంటాడు.

"ఊకుండనీకి నన్నెందుకు పిలిచినవ్? గోడను తెచ్చుకో."

ఆ మాటలు ఇంటికొచ్చినా నా చెవిలోంచి పోలేదు. నీకోసమే రాసినట్టున్నాయి. యముడు ఆ దూతలను ముగ్గురినీ మన ఒక్క ఇంటికే పంపాడు కదా. ముసలివాణ్ణి నేనున్నాను. రోగి నీ పెళ్ళాం. గాంధీ బొమ్మ ఉన్న ఆ వార్డు గుమ్మం దగ్గర నిలబడి, "బాపూ, ఛాయ్ తాగొస్త" అన్నావు. అనంతలక్ష్మి కళ్ళు గుమ్మం మీదే పెట్టుకుని పడుకుంది. దీపాలు పెట్టే వేళకు నన్ను అడిగింది, "ఛాయ్ హోటల్ అంత దూరమా మామా?" అని. నేనేం చెప్పాలి? అవును బిడ్డా, జర దూరమే అన్నాను. పోయేదాకా ఆమె ఇంకొకసారి అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ కాలింది. శవం కూడా ఆమెదే. తలకొరివి పెట్టింది అప్పటికి ఇంటర్ చదివే ఆడపిల్ల, నీ బిడ్డ. నాకు చూడబుద్ధి కాలేదు బాపూ, అందుకే పోయాను అని నువ్వు తర్వాత రాశావు. చూడబుద్ధి మాకు అయిందనుకున్నావా? మేము చూశాం. కళ్ళు మాకూ ఉన్నాయి. నీకున్నది కాళ్ళు.

ఇంక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

ఆడేవాళ్ళు ఆట మొదట్లో తమ పేరు కొట్టాలి, యముడు ఆ పేరు పెట్టి పిలవాలి అని వాళ్ళకు ఆలోచన వచ్చింది. దానికి నేను రకరకాల పేర్లు గట్టిగా పిలిచి ఇవ్వాలట. నేను చేయనన్నాను. నీకు తెలుసు మన మేళం కట్టుబాటు. మర్చిపోయే మనిషివి కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. యముడి కిరీటం నెత్తిన, మీసం ముఖాన ఉన్నంతసేపు బతికున్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. నీళ్ళు కావాలన్నా సైగ చేయాలి. పిలిస్తే అది పిలుపు. ఆ పిలుపు ఎవరికి చెందిందో వాళ్ళు పోవాలి. అందుకే నేను వేషం కట్టినప్పుడు మీ అమ్మను కూడా చప్పట్లు కొట్టి పిలిచేవాణ్ణి.

ఉమామహేశ్వర్, "అది నమ్మకం కదండీ తాతగారూ" అన్నాడు.

"నమ్మకం గాదు, కట్టుబాటు. నమ్మకమైతే ఇష్టమున్నోడు నమ్ముతడు. కట్టుబాటుకు నీ ఇష్టంతోని పనిలేదు" అన్నాను.

మీసం కిరీటం తీసి పిలవండి అన్నాడు. అవి లేకుండా నాకు ఆ గొంతు రాదు. ఆ గదిలో లుంగీ మీద కూర్చున్నా సరే, నెత్తిన కిరీటం, చెవులకు దారాలతో కట్టిన బర్రె వెంట్రుకల మీసం ఉంటేనే కడుపులోంచి యముడు లేస్తాడు. పని ఆగిపోయింది. మానసకు మాట వస్తుందని చూసి నేనే ఒక దారి చెప్పాను. ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి పిలిస్తేనే పిలుపు. ఒట్టి పేరు ఎవరిదీ కాదు, గాలిలో పోతుంది. ఒట్టి పేర్లయితే పిలుస్తాను అన్నాను. మా గురువు వింటే ఒప్పుకునేవాడో కాదో తెలియదు.

మొదలుపెట్టాం. మానస అద్దం అవతల కూర్చుని, నా చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్‌లో ఒక్కొక్క పేరు మెల్లగా చెబుతుంది. నేను పిలుస్తాను. హృషికేశ్. పృథ్వీ. స్పందన. కంపెనీలో పిల్లలందరూ పని వదిలి వచ్చి గుమిగూడారు. బిందుమాధవి తన పేరు అడిగి మరీ పిలిపించుకుని, "అమ్మో, నేను సచ్చిపోయిన, నా ల్యాప్‌టాప్ ఎవలన్న దీస్కోండ్రి" అని గంతులేసింది. నాకూ సంబరంగానే ఉంది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో వస్తున్నాయట. వస్తూ వస్తూ నీ అక్షరం వచ్చింది. నీ పేరు గల్లీకి ఒకడికి ఉంటుంది, అది లేకుండా ఆ వరస లేదు. మానస దాని ముందు పేరు చెప్పింది. నేను పిలిచాను. తర్వాత, నీ పేరు దాటేసి, ఆ పై పేరు చెప్పింది.

అద్దంలోంచి చూశాను. తల ఎత్తలేదు.

నేను ఏమనుకున్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. తండ్రి పేరు యముడి నోట కూడా వినలేనంత అసహ్యం ఈ పిల్లకు అనుకున్నాను. శభాష్, నా మనవరాలివి అనుకున్నాను. నీ నోట రాని పేరు నీ తాత తెగించి పిలుస్తాడు చూడు, నీకు ఇదే నా బహుమానం అనుకున్నాను. ఒట్టు గుర్తొచ్చింది. అది నా నోటికి వేసిన ఒట్టు, ఇది యముడి నోరు అని చెప్పుకున్నాను. ఒట్టి పేరు పిలవలేదు. ఇంటిపేరుతో, నా పేరుతో కలిపి, "గడ్డం ఇంటి ఓదెలు కొడుకా" అని మొదలుపెట్టి, ఆ వెనక నీ పేరు పెట్టి పిలిచాను. బతుకంతా యముడు కట్టాను, అంత గొంతు ఎన్నడూ లేవలేదు. కిటికీ అద్దాలు అదిరాయి.

బయట చప్పట్లు కొట్టారు. ఉమామహేశ్వర్, "అదిరిపోయింది తాతగారూ, ఇలాగే అన్నీ పిలవండి" అంటున్నాడు. మానస చెవుల్లోవి లాగి పారేసి, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఏం జేసినవ్ తాతా?"

"నువ్వు ఇడ్సిపెట్టిన పేరు పిలిచిన."

"ఎందుకు ఇడ్సిపెట్టిననో అడిగినవా?"

"అడుగుడెందుకు? వాని పేరంటె నీకు అసయ్యం గన్క."

"భయం తాతా! భయమయ్యి ఇడ్సిపెట్టిన. యముడు పిలుస్తె పోతరని సిన్నప్పటి సంది నాకు జెప్పింది ఎవలు? నువ్వు గాదా? ఒట్టి పేరైన ఎందుకని నేను దాటిపోతె, నువ్వు ఇంటిపేరు బెట్టి పిలుస్తవా?"

పిల్లలందరూ చూస్తున్నారు. నేను తగ్గాల్సింది. తగ్గలేదు. "పిలిస్తె ఏమైంది? పోతె పోనీ. వాడు పొయ్యి ఏండ్లాయె" అన్నాను.

నేను కొడితే బాగుండేది అన్నట్టు చూసింది. తర్వాత అరవకుండా అంది. అరవకుండా అనడమే నాకు గుచ్చుకుంది. "నువ్వు యమునివి గాదు తాతా. యమున్ని సమవర్తి అంటరని నువ్వే నేర్పినవు, అందర్ని ఒక్క తీరుగ సూస్తడని. నువ్వు ఒక్కన్నే సూస్తున్నవ్. అమ్మ పాయె. నువ్వింక ఎన్నొద్దులు ఉంటవు? నువ్వు పోయినంక నాకు కోపం తీర్చుకోనీకైన ఒక మనిషుండాలె గద. ఆయన్ను గూడ పిలిచినవా?"

అదీ ఊర్ల లేడు అనే మాటకు అర్థం. నీ మీద ప్రేమ అనుకుని మురిసిపోకు. నిన్ను ఎదురుగా నిలబెట్టి అడగాల్సినవి దాని దగ్గర చాలా ఉన్నాయి, వాటికోసం నిన్ను దాచుకుంది, అంతే.

వెంటనే పోయి నా పిలుపును తుడిపేసింది. వాళ్ళ కంప్యూటర్‌లో ఒక మీట ఉంది, నొక్కితే చేసింది చేయనట్టు అయిపోతుందట. "పోయింది తాతా, తుడిపేసిన" అంది, నన్ను కాదు, తనను తానే ఓదార్చుకుంటున్నట్టు. నేను నోరు మూసుకోవచ్చు. మూసుకోలేదు. "మిషిన్ల నుంచి తుడుస్తవు, గాల్లకెళ్ళి ఎట్ల తుడుస్తవే?" అన్నాను.

ఆ వారంలోనే ఛాతీ నొప్పి అని నీ ఉత్తరం వచ్చింది. మానస గేటు దగ్గర నిలబడి చదివి అక్కడే గోడకు ఆనుకుంది. తేదీ చూడు బిడ్డా, ఇది నేను పిలవకముందు రాసింది, వాడి నొప్పి వాడు తాగే బీడీలది అని చూపించాను. దానికి తేదీలు తలకెక్కడం లేదు. ఎప్పుడో బ్లాకు చేసిన నీ నెంబరు మళ్ళీ తెరిచి పెట్టింది. చేయదు. ఫోను మోగితే మాత్రం పేరు చూసేదాకా ముఖంలో నెత్తురుండదు. ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుంటుంది, చల్లారిపోతుంది. పని మీద ధ్యాస లేదు. తాత గొంతు ఈ ఆటలో వద్దు, మొత్తం తీసేయండి అని కంపెనీలో చెప్పిందట. ఉమామహేశ్వర్ ఇంటికి వచ్చి నన్ను బతిమాలాడు. నేను అతని తండ్రిని అన్న మాట ఎత్తనేలేదు. అదొక ముల్లు నాకు.

నేను నమ్ముతానా అని నువ్వు అడుగుతావు. చేర్యాల దగ్గర ఒక ఊళ్ళో ఆట కట్టినప్పుడు మా గురువు యముడు. తాళం తప్పిన మద్దెలవాణ్ణి కోపంలో ఇంటిపేరుతో సహా పిలిచేశాడు. వాడు నవ్వి, పిలుపు తప్పించే కట్టుబాటు తీర్చకుండానే బండెక్కి పోయాడు. కోతలకు బావిలో దొరికాడు. కాలు జారిందో, ఇంకేదో. నేను చూసింది శవాన్ని. యముడు పంపిన దూత అంటే అదేనేమో. నేను నమ్మడం, నమ్మకపోవడం ఎవరికి కావాలి? నీ బిడ్డ నమ్ముతోంది. దానికి నేర్పింది నేనే కాబట్టి, నేను నవ్వి పోవడానికి లేదు.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్నకు జవాబు. రా.

క్షమించానని కాదు. కట్టుబాటు తీరాలి, దానికి నువ్వు కావాలి. పేరు పిలిపించుకున్నవాడు వేషం కట్టిన యముడి ఎదురుగా వచ్చి నిలబడి, ముఖం మీది మీసం చేత్తో పీకి కింద పడేసి, "నా వంతు గాలె, పో" అనాలి. ఇంటిపేరు గడ్డం, పీకాల్సింది మీసం అని నువ్వు నవ్వుకోవచ్చు. నేను వేషం కట్టుకుని మానస ముందు నిలబడతాను. నువ్వు పీకు. గట్టిగానే పీకు, నీకు ఇలాంటి చాన్సు మళ్ళీ రాదు. నా ముఖం మీదికి చేయెత్తినవాడు ఇంతవరకు పుట్టలేదు. నువ్వు ఎత్తుతావు, నేను తల వంచుతాను. నాకు వేయాల్సిన శిక్ష ఇదే అనుకుంటే అలాగే అనుకో.

దాని తర్వాత ఇంకొకటి ఉంది. అది లేకపోతే పై పని అంతా వృథా. మీసం పోయిన ఒట్టి ముఖంతో, మనిషి గొంతుతో, వేషగాడు ఆ పేరు మళ్ళీ పిలవాలి. పిలిపించుకున్నవాడు "ఓ" అనాలి. అప్పుడే వాడు యముడి మనిషి కాకుండా, మళ్ళీ ఇంటి మనిషి అవుతాడు. అంటే ఈసారి యముడి నోరు కాదు, నాది. చితి ముందు వేసిన ఒట్టు నేను తప్పాలి. అనంతలక్ష్మికి నేను జవాబు చెప్పుకుంటాను, నువ్వు మధ్యలోకి రాకు.

మానస పనికి పోగానే తలుపు వేసి రోజూ ప్రయత్నిస్తున్నాను. మీసం కట్టుకుంటే నీ పేరు తన్నుకుంటూ వస్తుంది. విప్పితే రాదు. మొదటి అక్షరం దగ్గరే దగ్గు వస్తుంది, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెడతాను. నిన్న సగం దాకా వచ్చింది. పక్కింటి ఆమె కిటికీలోంచి, "ఎవల్ని పిలుస్తున్నవ్ పెద్దనాయనా?" అని అడిగింది. పిల్లిని అని చెప్పాను. ఎదురుగా మనిషి ఉంటే మొత్తం వస్తుందేమో చూడాలి.

బండి సికింద్రాబాదు దాకా పోదు, చర్లపల్లిలోనే ఆపుతున్నారట. అక్కడే దిగు. దారిలోనే ఛాయ్ తాగి రా. మా ఇంట్లో కూర్చున్నాక ఛాయ్ తాగొస్తానని లేవకు. పని అయ్యాక మానస నిన్ను ఏం అడిగితే దానికి జవాబు చెప్పు, అది తిట్టినంతసేపు నిలబడు, ఆ తర్వాత ఉండమంటే ఉండు, పొమ్మంటే పో. నన్ను మాత్రం ఏమీ అడగకు.

కవరు మీద నేను ఊరూ గల్లీ మాత్రమే రాసి పెట్టాను. పొద్దున చూస్తే పైన నీ పేరు రాసి ఉంది, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలు. నేను రాయమనలేదు.

వస్తే నా నోటితో పిలుస్తాను. రాకపోతే నీకు ఈ ఇంటి నుంచి అందిన ఆఖరి పిలుపు యముడిదే.

ఇట్లు,
మీసం మేకుకు తగిలించి, గుమ్మం వైపు చూస్తున్న
నీ బాపు
ఓదెలు